బావగారి ఆర్టీసీ ఉద్యోగం మా ఇంటి లెక్కలో చేరడంతో అమ్మాయి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగింది, హాల్‌టికెట్ ఇవ్వబోమంటున్నారు, దారి చెప్పగలరు

ప్రశ్న: ఎమ్మిగనూరు నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. మాది కర్నూలు జిల్లా ఎమ్మిగనూరు. మా వారు మగ్గం నేస్తారు, నేను ఇంట్లోనే కండెలు చుట్టి ఆయనకు సాయంగా ఉంటాను. మేము బీసీలం, బియ్యం కార్డు ఉంది, సొంత పొలం లేదు, కారు వంటివేమీ లేవు. మా అమ్మాయి ఈఏపీసెట్ రాసి కన్వీనర్ కోటాలోనే సీటు తెచ్చుకుని, 2024-25లో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో చేరింది. ఇప్పుడు రెండో సంవత్సరం చదువుతోంది. మొదటి ఏడాది ప్రభుత్వ స్కాలర్‌షిప్పుల వెబ్‌సైటు జ్ఞానభూమిలో అర్హురాలిగానే చూపించారు. అయితే ఆ ఏడాది సొమ్ములో కొంత మాత్రమే ప్రభుత్వం నుంచి వచ్చిందని, మిగిలినది రాలేదని కాలేజీ వారు చెబుతున్నారు.

అసలు కష్టం రెండో ఏడాది రెన్యువల్‌లో వచ్చింది. వార్డు సచివాలయంలో వెరిఫికేషన్ జరిగినప్పుడు అమ్మాయి పేరు ఎదురుగా అనర్హురాలు అని వచ్చింది. కారణం ఏమిటని అడిగితే, కుటుంబంలో ప్రభుత్వ ఉద్యోగి ఉన్నారని కంప్యూటర్‌లో చూపించారు. ఆ ఉద్యోగి మా బావగారు. ఆయన ఆదోనిలో ఆర్టీసీ కండక్టర్. పెళ్లయిన నాటి నుంచి వారి కాపురం అక్కడే, వారి పొయ్యి వేరు, మా పొయ్యి వేరు. గత ఏడాది మా అత్తగారి వివరాలు సరిచేయించినప్పుడు ఏ ఇంట్లో ఎవరున్నారో చూపే హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో బావగారు, తోడికోడలు, వాళ్ల పిల్లలు అందరూ మా ఇంటి కిందికే వచ్చారని సచివాలయం వారు అంటున్నారు. మేము అడిగినది అత్తగారి వయసు సవరణ ఒక్కటే.

ఈలోపు సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడ్డాయి. మొదటి ఏడాది బకాయి, రెండో ఏడాది ఫీజు మొత్తం కడితేనే హాల్‌టికెట్ ఇస్తామని కాలేజీ ఆఫీసులో అమ్మాయికి నోటిమాటగా చెప్పారు. కాగితం ఏదీ ఇవ్వలేదు. ఒకేసారి అంత డబ్బు సర్దడం మా వల్ల అయ్యే పని కాదు. తెలిసినవారు నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇస్తామంటున్నారు. బ్యాంకులో చదువు అప్పు తీసుకోవడం మంచిదా, మ్యాపింగ్ సరిచేయించుకునే వరకు కాలేజీ వారిని ఆగమని అడిగే హక్కు మాకు ఉందా, ఉంటే ఎవరి దగ్గరికి వెళ్లాలి? అమ్మాయి ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా చదువు మానేసి షాపులో పనికి చేరతానంటోంది. పిల్ల నోట ఆ మాట వింటుంటే తట్టుకోలేకపోతున్నాను. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు: కడప, కాలేజీ స్కాలర్‌షిప్ విభాగం

అమ్మా, నేను కడపలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో స్కాలర్‌షిప్పుల పని చూస్తాను. మీరు చెప్పినదానిలో రెండు వేర్వేరు సమస్యలు ఉన్నాయి. కాలేజీ ఆఫీసులో రెండింటినీ కలిపి ఒకే బాకీగా అడుగుతున్నారు. ముందుగా వాటిని విడదీసి చూడండి, ఎందుకంటే ఒకదానికి మీరు తిరగాలి, రెండోదానికి మీరు తిరిగినా ప్రయోజనం ఉండదు.

మొదటి ఏడాది బకాయి విషయంలో మీ అమ్మాయి అర్హతకు ఏ ఢోకా లేదు. అర్హురాలిగా తేలిన తర్వాత జిల్లా సంక్షేమ శాఖ మంజూరు చేస్తుంది, బిల్లు తయారై ఆర్థిక శాఖ వారు చెల్లింపులు చేసే సీఎఫ్‌ఎంఎస్ వ్యవస్థలోకి వెళుతుంది, అక్కడి నుంచి నిధుల విడుదలను బట్టి విడతలుగా సొమ్ము వస్తుంది. 2021 నుంచి కొంతకాలం ఈ సొమ్మును తల్లుల ఖాతాల్లో వేశారు, ఆ తర్వాత తల్లీ విద్యార్థీ కలిసి తెరిచే జాయింటు ఖాతా అన్నారు. 2024-25 నుంచి మళ్లీ నేరుగా కాలేజీ ఖాతాకే జమ చేసే పద్ధతి వచ్చింది. మీ అమ్మాయి చేరినది ఆ ఏడాదే కాబట్టి, ఆమె మొదటి ఏడాది సొమ్ము మీ చేతికి వచ్చే ప్రసక్తే లేదు. అది ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్య ఉన్న లెక్క. మంజూరైన సొమ్ము విడుదల కాలేదన్న కారణంతో దాన్ని విద్యార్థి దగ్గర వసూలు చేయడం న్యాయం కాదు. కాలేజీలకు జీతాలు ఇవ్వడం కష్టంగా ఉన్న మాట వాస్తవమే, మా కాలేజీలోనూ ఆ ఇబ్బంది చూస్తున్నాను. అయినా ఆ భారం మీ మగ్గం మీద పడకూడదు.

రెండో ఏడాదిది అసలైన అర్హత సమస్య, ఇది మీరు తిరిగి తేల్చుకోవలసినదే. నిబంధనల ప్రకారం కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షల రూపాయలకు మించకూడదు, మాగాణి 10 ఎకరాల లోపు, మెట్ట 25 ఎకరాల లోపు ఉండాలి, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు మినహా నాలుగు చక్రాల వాహనం ఉండకూడదు, కుటుంబంలో ప్రభుత్వ ఉద్యోగి గానీ పింఛనుదారు గానీ ఉండకూడదు. పారిశుద్ధ్య కార్మికులకు మాత్రం చివరి షరతు నుంచి మినహాయింపు ఉంది. ఆర్టీసీ సిబ్బందిని 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వంలో విలీనం చేశారు, వారి జీతం ఖజానా నుంచే వెళుతుంది. అందువల్ల ఆర్టీసీ ఉద్యోగి పేరు ఎవరి ఇంటి కింద ఉంటే ఆ ఇంటి పిల్లల దరఖాస్తు ఆ వడపోతలో ఆగిపోతుంది. పరిశీలన అంతా ఆధార్ సంఖ్యల ఆధారంగా యంత్రం చేస్తుంది. మీ పొయ్యి వేరని దానికి తెలియదు, మ్యాపింగ్‌లో ఏముందో అదే దాని దృష్టిలో కుటుంబం. మా కాలేజీలోనే ఇలాంటివి ప్రతి ఏడాదీ వస్తాయి. పెళ్లయి వెళ్లిపోయిన మేనత్త టీచరు కావడం, కారు అమ్మేసినా ఆర్‌సీ పేరు మారకపోవడం, తాతగారి పొలం అంతా ఒకే కొడుకు పేరు మీద ఆన్‌లైన్‌లో కనిపించడం, ఇవన్నీ ఈ కోవలోనివే.

కాబట్టి మీరు సచివాలయానికి వెళ్లేటప్పుడు మీ బియ్యం కార్డు, ఆదోనిలో బావగారికి ఉన్న చిరునామా రుజువు, ఆయన ఆధార్ నకలు, అమ్మాయి జ్ఞానభూమి దరఖాస్తు సంఖ్య వెంట తీసుకువెళ్లండి. బావగారి కుటుంబాన్ని మీ ఇంటి నుంచి విడదీసి, వారు నివసించే ఆదోని వార్డు సచివాలయం పరిధిలోకి మార్చమని రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. ఆయన వేలిముద్ర అవసరం పడవచ్చు, అందువల్ల ఆయన సెలవు రోజు చూసుకుని వెంటబెట్టుకుని వెళ్లడం మంచిది. అర్జీ ఇచ్చినందుకు రసీదు తప్పకుండా తీసుకోండి. నోటిమాటగా చెప్పి వచ్చిన అర్జీకి తర్వాత ఆనవాలు దొరకదు. వార్డు వెల్ఫేర్ సెక్రటరీ మీ మాట నమ్మి సాయం చేయాలనుకున్నా, ఆయన లాగిన్‌లో ఆ మార్పు చేసే అవకాశం లేకపోతే చేతులు కట్టేసినట్టే. అలాంటప్పుడు ఆ సంగతి కాగితం మీద రాయించుకుని మున్సిపల్ కమిషనర్ కార్యాలయానికి, అక్కడా కదలకపోతే సోమవారం కర్నూలు కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి. మీరు బీసీలు కాబట్టి అర్జీలో జిల్లా బీసీ సంక్షేమ అధికారిని ఉద్దేశించి రాయండి. అక్కడ ఇచ్చే అర్జీ సంఖ్యతో 1100కు ఫోన్ చేసి స్థితి తెలుసుకోవచ్చు.

ఇక హాల్‌టికెట్. మీది సొంతంగా పరీక్షలు పెట్టుకునే అటానమస్ కాలేజీ కాకపోతే, పరీక్ష పెట్టేది విశ్వవిద్యాలయం, హాల్‌టికెట్ ఇచ్చేదీ విశ్వవిద్యాలయమే. అప్పుడు కాలేజీ దాన్ని అందజేసే చోటు మాత్రమే. పరీక్ష ఫీజు కట్టి, హాజరు 75 శాతం ఉన్న విద్యార్థికి దాన్ని ఆపాలంటే కారణం చూపవలసి ఉంటుంది. ప్రిన్సిపాల్ పేరిట ఒక ఉత్తరం రాసి, అమ్మాయి కన్వీనర్ కోటా అలాట్‌మెంట్ ఆర్డరు, మొదటి ఏడాది అర్హత చూపే జ్ఞానభూమి ముద్రిత ప్రతి, సచివాలయ అర్జీ రసీదు జతచేసి, రెండో ప్రతి మీద స్టాంపు వేయించుకోండి. ఫీజు కట్టకపోతే హాల్‌టికెట్ ఇవ్వబోమన్న మాట రాసివ్వమని మర్యాదగానే అడగండి. ఆ మాట రాసివ్వడానికి చాలా కాలేజీలు ముందుకు రావు, ఆ తర్వాత మాట్లాడే ధోరణి కూడా మారుతుంది.

జవాబు: ఉరవకొండ నుంచి ఒక తండ్రి

అక్కా, మా అబ్బాయి అనంతపురంలో డిగ్రీ చదువుతున్నాడు. మేము ఎస్సీలం. మా కథ వేరు, కానీ మీతోపాటు ఈ చర్చ చదివే మరికొందరికి అక్కరకు రావచ్చని రాస్తున్నాను.

ఎస్సీ పిల్లల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. కేంద్రం వాటా విద్యార్థి ఆధార్‌కు అనుసంధానమైన బ్యాంకు ఖాతాలో నేరుగా పడుతుంది, దాన్ని తీసి కాలేజీకి కట్టవలసిన బాధ్యత మనదే. మా వాడి సొమ్ము విడుదలైనట్టు ఆన్‌లైన్‌లో కనిపించింది, వాడు చూపించిన ఖాతాలో మాత్రం ఒక్క రూపాయి లేదు. కాలేజీ వారు మేమే వాడుకున్నామని అనుమానించారు. ఆ మాట ఎంత బాధ పెట్టిందో చెప్పలేను.

చివరికి తేలింది ఏమిటంటే, నేను బెంగళూరులో కట్టడం పనికి వెళ్లినప్పుడు వాడిని కూడా అక్కడ ఉంచుకుని ఒక బ్యాంకులో ఖాతా తెరిపించాను. ఆధార్‌కు చివరగా ముడిపడింది ఆ ఖాతాయే. ప్రభుత్వ సొమ్ము దరఖాస్తులో మనం రాసిన ఖాతాకు కాకుండా, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ వారి దగ్గర ఆధార్‌కు ఏ బ్యాంకు నమోదై ఉందో దానికే పోతుంది. ఆ ఖాతా వాడుకలో లేక స్తంభించిపోయి ఉంది. మైఆధార్ వెబ్‌సైటులో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంటుంది, ఆధార్ సంఖ్య కొట్టి ఓటీపీ ఇస్తే ఏ బ్యాంకు ముడిపడి ఉందో, అది పనిచేస్తోందో లేదో చూపిస్తుంది. పిల్లలు ఇంటర్ ముగించిన వెంటనే తల్లిదండ్రులు ఈ ఒక్కటి చూసుకుంటే సగం తిరుగుడు తప్పుతుంది. మీ విషయంలో ఫీజు కాలేజీకే వెళుతుంది కానీ, అమ్మాయి హాస్టల్‌లో ఉంటే భోజన వసతి కింద ఇంజనీరింగ్ వారికి ఏడాదికి 20,000 రూపాయల వరకు ఇచ్చే సాయం ఖాతాకే రావాలి. కాబట్టి మీరు కూడా ఒకసారి చూసుకోండి.

జవాబు: ప్రొద్దుటూరు నుంచి ఒక తండ్రి

పై సలహాలు సబబైనవే, కానీ నా అభిప్రాయం కొంచెం వేరు. పరీక్షలు నెత్తిమీదికి వచ్చినప్పుడు హక్కుల గురించి ఉత్తరాలు రాస్తూ కూర్చుంటే, ఆ ఒత్తిడి అంతా క్లాసులో కూర్చునే పిల్ల మీద పడుతుంది. మా ఇంట్లో అనుభవంతో చెబుతున్నాను. కాలేజీ వారు ఆఫీసులో మనతో మర్యాదగానే మాట్లాడతారు, కానీ మరుసటి రోజు క్లాసులో లేపి నిలబెట్టి ఫీజు బాకీ ఉన్న వారి పేర్లు చదువుతారు. మా పాప రెండు రోజులు అన్నం తినలేదు. అందువల్ల వీలైనంత సొమ్ము సర్ది ఒక విడత కట్టి, హాల్‌టికెట్ తెచ్చుకుని, పరీక్షలు ముగిశాక పోరాడటమే మంచిదని నా నమ్మకం. కాలేజీతో గొడవ పెట్టుకుని గెలిచినా, ఇంకా రెండేళ్లు పిల్ల అక్కడే చదవాలి కదా.

జవాబు: కడప, కాలేజీ స్కాలర్‌షిప్ విభాగం

ప్రొద్దుటూరు అన్నగారి ఆవేదన నాకు అర్థమవుతుంది, పేర్లు చదివి నిలబెట్టడం ఎవరు చేసినా తప్పే. కొంత కట్టక తప్పని పరిస్థితి వస్తే కట్టండి అమ్మా, నేను వద్దనను. అయితే ఆ కట్టేది రెండో ఏడాది ఫీజు కిందనే కట్టండి, మొదటి ఏడాది బకాయి కింద ఒక్క రూపాయి కూడా కట్టవద్దు. రసీదు మీద ఏ విద్యా సంవత్సరమో రాయించండి, ఫీజు రీయింబర్స్‌మెంట్ మంజూరైతే తిరిగి ఇవ్వాలన్న షరతుతో కడుతున్నట్టు మీ ఉత్తరంలో రాయండి. తెల్ల చిట్టీ మీద రాసిచ్చే లెక్క పనికిరాదు, క్రమసంఖ్య ఉన్న రసీదు కావాలి. మంజూరైన తర్వాత అదే సొమ్ము ప్రభుత్వం నుంచి కూడా కాలేజీకి వస్తుంది. అప్పుడు మీరు కట్టినది వెనక్కి అడగడానికి మీ చేతిలో ఉండేది ఆ కాగితం ఒక్కటే.

ఇంకొక మాట. కొన్ని చోట్ల బాకీ ఉందని పదో తరగతి, ఇంటర్ ఒరిజినల్ సర్టిఫికెట్లను అట్టిపెట్టుకుంటారు. సర్టిఫికెట్లను పరిశీలించి వెంటనే తిరిగి ఇచ్చేయాలని, కాలేజీలు వాటిని తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులోనే స్పష్టంగా చెప్పింది. మీ అమ్మాయివి కాలేజీలో ఉంటే, ఈ గొడవతో నిమిత్తం లేకుండా, ఇప్పుడే అడిగి తెచ్చుకోండి.

జవాబు: అనంతపురం, విశ్రాంత బ్యాంకు ఉద్యోగి

అమ్మా, మీరు అప్పు గురించి అడిగినదానికి ఎవరూ జవాబు చెప్పలేదు కనుక నేను రాస్తున్నాను. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. ఆ దారి మాత్రం వద్దు. బంగారం ఉంటే బ్యాంకులో కుదువ పెట్టినా అందులో సగం వడ్డీ కూడా పడదు. డ్వాక్రా సంఘంలో మీరు సభ్యులైతే స్త్రీనిధిని అడిగి చూడండి, మీకు కావలసిన మొత్తానికి అది త్వరగా అందే మార్గం.

చదువు అప్పును బ్యాంకులు కోర్సు మధ్యలో కూడా ఇస్తాయి, మొదటి ఏడాదే తీసుకోవాలన్న నియమం లేదు. 4 లక్షల రూపాయల లోపు అప్పుకు మన వాటాగా మార్జిన్ కట్టనక్కర లేదు. ఏడున్నర లక్షల వరకు ఆస్తి తాకట్టు గానీ బయటి వ్యక్తి జామీను గానీ అడగకుండా ఇవ్వడానికి క్రెడిట్ గ్యారంటీ పథకం ఉంది. తల్లి లేదా తండ్రి సహ రుణగ్రహీతగా సంతకం చేస్తే చాలు. తిరిగి కట్టడం చదువు ముగిసిన ఏడాది తర్వాత మొదలవుతుంది. కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉండి, కాలేజీకి న్యాక్ గుర్తింపు గానీ కోర్సుకు ఎన్‌బీఏ గుర్తింపు గానీ ఉంటే, ఆ విరామ కాలపు వడ్డీని కేంద్రమే భరించే సబ్సిడీ పథకం 2009 నుంచి నడుస్తోంది. ఇది దానంతట అది రాదు. దరఖాస్తు సమయంలోనే ఆదాయ ధ్రువీకరణ పత్రం జతచేసి, సబ్సిడీ కావాలని అడిగి నమోదు చేయించాలి. చాలామంది తల్లిదండ్రులకు ఈ సంగతి నాలుగేళ్ల వడ్డీ పెరిగిన తర్వాత తెలుస్తుంది. నా ఉద్యోగ కాలంలో అలాంటి కుటుంబాలను చూసి ఎంతో బాధపడేవాడిని.

2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం గురించి టీవీలో విని ఉంటారు. అది దేశంలో ఎంపిక చేసిన ఉన్నత విద్యా సంస్థలకు ఉద్దేశించినది. కర్నూలులోని ఐఐఐటీడీఎం వంటి కేంద్ర సంస్థల పిల్లలకు పనికివస్తుంది, మన జిల్లాల్లోని ప్రైవేటు కాలేజీల్లో చాలావాటికి వర్తించదు. ఆ జాబితాలో మీ కాలేజీ లేకపోయినా సాధారణ చదువు అప్పుకు అది అడ్డం కాదు. కాలేజీ తమ బ్రాంచి పరిధిలో లేదన్న సాకుతో దరఖాస్తు తిప్పి పంపకూడదని రిజర్వ్ బ్యాంకు 2012లోనే బ్యాంకులకు చెప్పింది. నిరాకరిస్తే కారణం రాసివ్వమని అడగండి.

ఇంత చెప్పినా, మీరు వెంటనే చదువు అప్పు తీసుకోమని నేను అనను. మీ అమ్మాయికి న్యాయంగా రావలసిన సాయం ఒక పొరపాటు నమోదు వల్ల ఆగింది. దాన్ని వదిలేసి అప్పు తీసుకుంటే, ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్ల పేరు మీద అక్కరలేని బరువు పెట్టినవాళ్లం అవుతాం. ముందు మ్యాపింగ్ సంగతి తేలనివ్వండి. తేలేలోపు బ్యాంకుకు వెళ్లి కాలేజీ నుంచి ఏయే పత్రాలు కావాలో మాత్రం తెలుసుకుని ఉంచండి. ఫీజుల వివరాల పత్రం, బోనఫైడ్ తప్పకుండా అడుగుతారు. ఆ పత్రాలు ఇవ్వడానికీ కొన్ని కాలేజీలు ఆలస్యం చేస్తాయి.

ప్రశ్న అడిగిన తల్లి, ఎమ్మిగనూరు

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఇంతమంది ఓపికగా రాస్తారని అనుకోలేదు.

బావగారు విషయం వినగానే ఆదోని నుంచి వచ్చారు. తన ఉద్యోగం వల్ల తమ్ముడి కూతురి చదువు ఆగిందంటే ఆయన మా వారికంటే ఎక్కువ బాధపడ్డారు. సచివాలయంలో అందరం కలిసి అర్జీ ఇచ్చాము, రసీదు ఇచ్చారు. ఆయన కుటుంబాన్ని విడదీసే దరఖాస్తు స్వీకరించారు. అక్కడి ఉద్యోగి ఒకరు మా అత్తగారి పేరు ఎవరి వైపు ఉంచాలని అడిగారు. ఆమె మాతోనే ఉంటారని చెప్పాము. ఆమెకు వృద్ధాప్య పింఛను వస్తుంది, దాని వల్ల అమ్మాయికి మళ్లీ ఏమైనా అడ్డు వస్తుందేమోనని ఇప్పుడు భయంగా ఉంది. ఇది కూడా ప్రభుత్వ పింఛను కిందికే వస్తుందా?

కాలేజీకి మా వారు ఉత్తరం తీసుకువెళ్లారు. ముందు తీసుకోబోమన్నారు, తర్వాత ప్రిన్సిపాల్ గారు చదివి రెండో ప్రతి మీద స్టాంపు వేయించారు. మొదటి ఏడాది బకాయి మాట ఆయన ఎత్తలేదు. రెండో ఏడాది ఫీజులో కొంత కడితే పరీక్షలకు అనుమతిస్తామన్నారు. మా సంఘం నుంచి అప్పు తీసుకుని ఆ కొంత కట్టాము, సంవత్సరం రాసి క్రమసంఖ్య ఉన్న రసీదు ఇచ్చారు. అమ్మాయి హాల్‌టికెట్ వచ్చిందని ఫోన్ చేసింది. షాపులో పనికి చేరతానన్న మాట ఆ రోజు అనలేదు. మ్యాపింగ్ మారితే జ్ఞానభూమిలో అర్హత దానంతట అదే మారుతుందా, మళ్లీ మేమేమైనా చేయాలా?

జవాబు: కడప, కాలేజీ స్కాలర్‌షిప్ విభాగం

అమ్మా, చాలా సంతోషం. అత్తగారి వృద్ధాప్య పింఛను గురించి భయపడకండి. అర్హత నిబంధనలో చెప్పే పింఛను ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరైన వారికి వచ్చేది. పేదలకు ఇచ్చే సామాజిక భద్రతా పింఛను దానికిందికి రాదు.

మీ రెండో ప్రశ్న ముఖ్యమైనది. మ్యాపింగ్ మారినంత మాత్రాన జ్ఞానభూమిలో అర్హత మారిపోతుందని ధీమాగా ఉండవద్దు. ఒకసారి అనర్హత పడిన దరఖాస్తును పునఃపరిశీలనకు పంపాలి. అందుకోసం విడదీసిన తర్వాత, మీ ఇంటి సభ్యుల జాబితాను సచివాలయంలో ముద్రించి ఇవ్వమని అడగండి. అందులో మీరు, మీ వారు, అమ్మాయి, అత్తగారు మాత్రమే ఉన్నారో లేదో పేరు పేరునా చూసుకోండి. ఒక కుటుంబంలో తోడికోడలి పేరు మాత్రం పాత ఇంట్లోనే మిగిలిపోయి, మళ్లీ అదే కారణంతో తిరస్కరణ వచ్చిన సందర్భం మా దగ్గర చూశాను. ఆ జాబితాను వార్డు వెల్ఫేర్ సెక్రటరీకి ఒకటి, కాలేజీ స్కాలర్‌షిప్ విభాగానికి ఒకటి ఇచ్చి, అమ్మాయి దరఖాస్తు సంఖ్య రాసి, పునఃపరిశీలన కోరుతూ అర్జీ పెట్టండి. బీసీ సంక్షేమ కార్యాలయానికి కూడా దాని ప్రతి పంపండి, ఎందుకంటే చివరి మంజూరు అక్కడి నుంచే రావాలి. మంజూరు జాబితా ముగిసిపోయాక వచ్చిన సవరణను తిరిగి తెరిపించడం చాలా కష్టం, అందువల్ల పరీక్షలు అయ్యే వరకు ఆగవద్దు.

పునఃపరిశీలనలో అర్హత వచ్చాక అమ్మాయి వేలిముద్ర కూడా పడాలి. ఆమె ఇంటికి దూరంగా ఉంది కాబట్టి పరీక్షల మధ్యలో ఎమ్మిగనూరుకు పిలిపించే ముందు, ఎక్కడ వేయవచ్చో సచివాలయంలో అడగండి. కండెలు చుట్టే పనిలో మీ వేళ్లు అరిగి ఉంటే, మీ ఈ-కేవైసీ అడిగినప్పుడు వేలిముద్రకు బదులు కంటిపాప పరికరంతో తీసుకోమని చెప్పండి. జాబితా చేతికి వచ్చాక ఇక్కడ రాయండి. అందులోని వివరం ఏదైనా అర్థం కాకపోతే పేర్లు, ఆధార్ సంఖ్యలు కనిపించకుండా చూసుకుని అడగండి, నేను చూసి చెబుతాను.